ఈఎంసీలో పీహెచ్‌డీ చేసినవారికి కొలత ఎందుకు రావడం లేదు?

కొలబద్ద
నేను విశాఖలో ఒక పరీక్షా ప్రయోగశాలలో పనిచేస్తున్నాను. ఈమధ్య మా దగ్గరికి విద్యుదయస్కాంత వ్యతికరణం (ఈఎంఐ), అంటే ఒక పరికరం మరొకదాన్ని చెదరగొట్టడం, అలా జరగకుండా చూసే ఈఎంసీ మీద డాక్టరేట్ పూర్తిచేసిన ఒక అభ్యర్థి ఇంటర్వ్యూకు వచ్చారు. సిద్ధాంతం బాగా తెలుసు, పత్రాలు మంచి జర్నళ్లలో వచ్చాయి. ఒక స్విచింగ్ పవర్ సప్లై కండక్టెడ్ ఎమిషన్ (తీగల వెంట బయటికి వచ్చే శబ్దం) పరీక్షలో ఒక మెగాహెర్ట్జ్ దగ్గర పరిమితి దాటిందని చెప్పి, మొదట ఏం చూస్తారని అడిగాం. పెట్టెకు షీల్డింగ్ పెంచాలని ఆయన సమాధానం ఇచ్చారు. ఆ విద్యుత్ శబ్దం (నాయిస్) వైరు వెంట బయటికి వస్తోందని, అది కామన్ మోడా (రెండు వైర్లలో ఒకే దిశలో పారి భూమి ద్వారా తిరిగొచ్చేదా), డిఫరెన్షియల్ మోడా (ఒక వైరులో వెళ్లి రెండోదానిలో తిరిగొచ్చేదా) అన్నది ముందు తేల్చుకోవాలని, అందుకు ఒక కరెంట్ ప్రోబ్ చాలని ఆయనకు ఎవరూ ఎప్పుడూ చెప్పినట్టు లేదు. నేను ఆ అభ్యర్థిని తప్పుపట్టడం లేదు. ఆయనను అలా తయారుచేసిన పద్ధతి గురించే అడుగుతున్నాను. నౌకాదళం, షిప్‌యార్డు, స్టీల్ ప్లాంటు, వైద్య పరికరాల తయారీ అన్నీ ఒకేచోట ఉన్న ఈ నగరంలో ఈఎంఐ, ఈఎంసీ పరిశోధకులకు తర్ఫీదు ఎలా ఉండాలి?

మూడో_ఏడు_స్కాలర్
మీరు చెప్పిన అభ్యర్థి పరిస్థితే నాది కూడా కనుక మా వైపు నుంచి చెప్పవలసింది చెబుతాను. నా కోర్సువర్క్‌లో రీసెర్చ్ మెథడాలజీ ఒక పేపరు, యాంటెన్నాల మీద ఒక పేపరు, సంఖ్యాత్మక పద్ధతుల మీద ఒక పేపరు ఉన్నాయి. సరఫరాకూ పరికరానికీ మధ్య పెట్టి తీగ వెంట వచ్చే శబ్దాన్ని కొలిచే ఎల్‌ఐఎస్‌ఎన్ అనే పెట్టెను నేను బొమ్మలోనే చూశాను. బయటి తరంగాలు చొరబడని పరీక్షా గది అయిన చాంబర్‌లో ఒక షిఫ్టు పని చేసుకోవాలంటే అయ్యే అద్దె మా కంటింజెన్సీ గ్రాంటుకు అందేది కాదు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) నెలకు 37,000 రూపాయలైంది, అది జీవనానికి సరిపోతుంది గాని ప్రయోగశాల అద్దెకు సరిపోదు. సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ మాత్రం విభాగంలో ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది, దానితో వచ్చిన గ్రాఫులను సమీక్షకులు అంగీకరిస్తారు, ప్రతి ఆరు నెలలకు కమిటీ ముందు చూపించడానికి ఏదో ఒక ప్రగతి ఉంటుంది. అందుబాటులో ఉన్న పనిముట్టుకు తగ్గట్టుగానే మా పరిశోధన ప్రశ్న కూడా రూపు మార్చుకుంటుంది. మేము కొలతను తప్పించుకోవాలని చూడలేదని మీరు గమనించాలి.

మర్రిపాలెం
స్కాలర్ గారు చెప్పిన చివరి రెండు వాక్యాలతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మా బ్యాచిలో అందరి కథ అదే.

పాత_గైడ్
నేను చాలా ఏళ్లు ఈ రంగంలో విద్యార్థులకు గైడుగా ఉండి విరమించాను. కొలబద్ద గారి ఆవేదన న్యాయమైనదే కాని, కారణం ఇంకొంచెం లోతుగా ఉంది. మన విశ్వవిద్యాలయాల్లో ఈఎంసీ ఈసీఈ విభాగపు యాంటెన్నా, మైక్రోవేవ్ వారి చేతుల్లో పెరిగింది. వారికి తరంగం, వికిరణం, షీల్డు సహజమైన భాష. ఈనాటి వ్యతికరణంలో పెద్ద భాగం పుట్టేది మాత్రం పవర్ ఎలక్ట్రానిక్స్‌లో, అది ఈఈఈ (ఎలక్ట్రికల్) విభాగంలో ఉంటుంది. ఈ రెండు విభాగాల మధ్య ఒక వరండాయే ఉన్నా, ఆ వరండా దాటి రెండు చోట్లా కూర్చున్న స్కాలర్‌ను నేను అరుదుగా చూశాను.

విద్యార్థులకు నేను మొదటి రోజున వేయించే లెక్క ఒకటి ఉంది. ఒక మీటరు పొడవున్న తీగలో 50 మెగాహెర్ట్జ్ వద్ద 5 మైక్రోఆంపియర్ల కామన్ మోడ్ కరెంటు పారితే, మూడు మీటర్ల దూరాన మీటరుకు సుమారు 100 మైక్రోవోల్టుల క్షేత్రం వస్తుంది. గృహోపయోగ డిజిటల్ పరికరాలకు అమెరికా నిబంధనలు 30 నుంచి 88 మెగాహెర్ట్జ్ మధ్య పెట్టిన హద్దు సరిగ్గా అంతే. పరికరం చేసే అసలు పనికి ఆ 5 మైక్రోఆంపియర్లతో ఏ సంబంధమూ ఉండదు, సర్క్యూట్ బొమ్మలో అవి కనిపించవు, అయినా పరీక్ష పోవడానికి అవే చాలు. ఈ లెక్క ఒంటబట్టిన విద్యార్థి పెట్టె కంటే ముందు తీగను అనుమానిస్తాడు.

అయితే ఒక్క విషయంలో కొలబద్ద గారితో నాకు భేదం ఉంది. పరీక్ష చేయడం నేర్పడమే డాక్టరేట్ శిక్షణ కాదు. ప్రయోగశాలకు కావలసిన టెస్ట్ ఇంజినీరును ఆరు నెలల శిక్షణతో తయారుచేయవచ్చు. ఇంకా ఎవరూ అడగని ప్రశ్నను అడగగలవాడిని తయారుచేయడం పీహెచ్‌డీ పని.

కొలబద్ద
పాత_గైడ్ గారూ, బటన్ నొక్కి రిపోర్టు ఇచ్చే మనిషిని నేను అడగడం లేదు. కొలిచిన సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన మనిషిని అడుగుతున్నాను. 30 మెగాహెర్ట్జ్ లోపు రిసీవర్ బ్యాండ్‌విడ్త్ 9 కిలోహెర్ట్జ్ అని, దాని పైన 120 కిలోహెర్ట్జ్ అని పట్టికలో ఉంటుంది. ఆ బ్యాండ్‌విడ్త్ మారితే బ్రాడ్‌బ్యాండ్ శబ్దం స్థాయి మారుతుందని, సన్నని క్యారియర్ స్థాయి మారదని, ఆ తేడాతోనే శబ్దం స్వభావాన్ని పసిగట్టవచ్చని తెలిసిన స్కాలర్ కొత్త ప్రశ్న అడగగలడు. క్వాజీ-పీక్ డిటెక్టరు రేడియో వినేవారి చెవికి కలిగే చికాకును దృష్టిలో పెట్టుకుని పుట్టింది. రేడియో వ్యతికరణ ప్రమాణాలు రూపొందించే, 1934లో మొదలైన సిస్పర్ సంస్థ లక్ష్యం రేడియో ప్రసారాన్ని కాపాడడం. అదే డిటెక్టరు నేటి డిజిటల్ లింకుకు కలిగే నష్టాన్ని సరిగ్గా చెబుతుందా అన్నది ఇవాళ్టికీ మంచి థీసిస్ ప్రశ్న. కొలతను పక్కన పెట్టిన స్కాలర్‌కు ఆ ప్రశ్న తట్టే అవకాశం ఉందా?

భీమిలి_రోడ్డు
ప్రస్తుతం నేను ఐరోపాలో ఈ రంగంలోనే ఉద్యోగం చేస్తున్నాను. మా బృందంలో అక్కడి శిక్షణ నెట్‌వర్కుల నుంచి వచ్చినవారు ఉన్నందున ఆ పద్ధతిని దగ్గరగా గమనించాను. మేరీ స్క్లొడొవ్‌స్కా క్యూరీ పథకం కింద 2019లో పీటర్ అనే నెట్‌వర్కు మొదలైంది. బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం దానికి సారథ్యం వహించింది, పదిహేను మంది డాక్టొరల్ పరిశోధకులు వేర్వేరు దేశాల్లో చేరారు. విద్యుదయస్కాంత ముప్పును అంచనా వేసి అదుపు చేయడం దాని విషయం. అదే కాలంలో స్మార్ట్ సిటీల ఈఎంసీ కోసం సెంట్, పవర్ కన్వర్టర్ల వ్యతికరణం కోసం ఎటోపియా, తర్వాత వైద్య పరికరాల కోసం ఎటర్నిటీ అనే నెట్‌వర్కులు వచ్చాయి.

నన్ను ఆకట్టుకున్నది వాటి నిర్మాణం. పరిశోధకుడు చేరే ముందరి మూడేళ్లలో ఆ దేశంలో పన్నెండు నెలలకు మించి ఉండి ఉండకూడదు. అంటే ఎవరూ తమ సొంత ఊళ్లో, తమ పాత గురువు దగ్గరే కొనసాగే వీలు ఉండదు. ముప్పై ఆరు నెలల నిధుల కాలంలో కొన్ని నెలలు తప్పనిసరిగా పరిశ్రమలోనో మరో విశ్వవిద్యాలయంలోనో గడపాలి. అందరూ కలిసి శిక్షణ వారాలకు హాజరవుతారు. అక్కడ ఒకరి థీసిస్ మరొకరికి తెలుస్తుంది, రైల్వే మీద పనిచేసే వ్యక్తి ఆసుపత్రి మీద పనిచేసే వ్యక్తిని ప్రశ్నిస్తాడు. స్కాలర్ ఒంటరిగా ఒక గైడుకు కట్టుబడి ఉండడమనే స్థితే అక్కడ రాదు.

రైల్వే_న్యూకాలనీ
ఐరోపా డబ్బుతో నడిచే పథకాన్ని మన మీద ఎలా దించుతారు? ఇక్కడ ఒక స్పెక్ట్రమ్ ఎనలైజర్ కొనడానికే టెండరు, కమిటీ, మళ్లీ టెండరు.

భీమిలి_రోడ్డు
డబ్బు గురించి మీ మాట నిజమే. నేను డబ్బును కాక, పద్ధతిని తెచ్చుకోమంటున్నాను. మన దగ్గర దూరాలు తక్కువ. గంభీరంలో సమీర్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థకు ఈఎంఐ, ఈఎంసీ పరీక్షల కేంద్రం ఉంది. 1969లో ఏర్పడిన నౌకాదళ పరిశోధన ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ ఇక్కడే ఉంది. మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలకు ఈఎంఐ, ఈఎంసీ ప్రయోగశాల ఉంది. 2015లో ఈ రంగపు అంతర్జాతీయ సదస్సు ఇన్‌సెమిక్ విశాఖలోనే జరిగింది. ఐరోపాలో మూడు దేశాలు తిరిగితే దొరికేది ఇక్కడ ఒక సిటీ బస్సు దూరంలో ఉంది. అయినా స్కాలర్లు ఒకరికొకరు తెలియదు.

తూర్పు_తీరం
నౌకాదళ ఎలక్ట్రానిక్స్‌లో చాలాకాలం పనిచేసినవాడిగా ఒక మాట చేర్చాలి. పైన చెప్పిన పీటర్ నెట్‌వర్కు పూర్తి పేరులో ముప్పు (రిస్క్) అన్న మాట ఉండడం చిన్న విషయం కాదు. మనం స్కాలర్లకు ప్రమాణాన్ని దాటించడం నేర్పుతున్నాం, ఏది విఫలమైతే ఎవరికి ఏమవుతుందని ఆలోచించడం నేర్పడం లేదు. అమెరికా సైనిక ఈఎంసీ ప్రమాణమైన మిల్-స్టాండర్డ్-461జీ ప్రకారం ప్రతి పరికరాన్ని విడివిడిగా పరీక్షిస్తాం. యుద్ధనౌక పైభాగంలో మాత్రం రాడార్లు, హెచ్‌ఎఫ్ ట్రాన్స్‌మిటర్లు, ఉపగ్రహ లింకు, హెచ్చరిక రిసీవర్లు కొద్ది మీటర్ల ఎడంలో ఒకేసారి పనిచేయాలి.

1982 మే 4న ఫాక్‌లాండ్ యుద్ధంలో బ్రిటిష్ నౌక షెఫీల్డ్ ఎక్సోసెట్ క్షిపణి దెబ్బ తిన్నది, ఇరవై మంది చనిపోయారు. ఆ సమయంలో నౌక ఉపగ్రహ ప్రసారంలో ఉండడం, దానివల్ల శత్రు రాడార్‌ను పసిగట్టే రిసీవరు సరిగ్గా పనిచేయలేకపోవడం అక్కడి కారణాల్లో ఒకటి. విడివిడిగా చూస్తే రెండు పరికరాలూ తమ పని తాము చేస్తున్నవే. ఈ స్థాయి ప్రశ్నను ఎదుర్కోవడానికి స్కాలర్‌కు క్షేత్ర సమీకరణాలతో పాటు సిస్టమ్స్ ఇంజినీరింగ్, సంభావ్యత, ఫాల్ట్ ట్రీ విశ్లేషణ (ఒక వైఫల్యానికి దారితీసే కారణాలను చెట్టులా గీసి చూడడం) కూడా రావాలి. విద్యుదయస్కాంత అలజడుల వల్ల భద్రతకు కలిగే ముప్పును అదుపు చేసే మెళకువలతో ఐఈఈఈ 1848 ప్రమాణం 2020లోనే వచ్చింది. అది ఏ కోర్సువర్క్ సిలబస్‌లోనైనా ఉందా?

సీతమ్మధార_సిగ్నల్
ఇలాంటిదే మరొకటి 1967 నాటి ఫారెస్టల్ విమానవాహక నౌక ప్రమాదం. రాడార్ పుంజం తగిలి విమానం కింది రాకెట్టు పేలిందని మా క్లాసులో చెప్పారు. మొదటి ఉపన్యాసానికి దీనికంటే మంచి ఉదాహరణ దొరకదు.

పాత_గైడ్
సీతమ్మధార_సిగ్నల్ గారూ, ఆ ఉదాహరణను అలా చెప్పకూడదు. 1967 జూలై 29న టోంకిన్ గల్ఫ్‌లో 134 మంది ప్రాణాలు తీసిన ఆ ప్రమాదంలో జూనీ రాకెట్టు దానంతట అది బయలుదేరిన మాట నిజం. నౌకాదళ విచారణ మాత్రం విమానాన్ని బయటి విద్యుత్తు నుంచి లోపలి విద్యుత్తుకు మార్చే క్షణంలో వచ్చిన సర్జ్‌ను కారణంగా చూపింది. భద్రతా పిన్నును ముందే తీసేయడం, రాకెట్టు కనెక్టరును ముందే తగిలించడం దానికి తోడయ్యాయి. రాడార్ కథ మన రంగంలోని కొన్ని పాఠాల్లో చేరి ఒకరి నుంచి ఒకరికి పాకింది. స్విచింగ్ ట్రాన్సియెంట్ కూడా ఈఎంసీ విషయమే కాబట్టి ఉదాహరణను వదులుకోనక్కరలేదు, కారణాన్ని సరిచేసి చెప్పాలి. ఆకర్షణీయమైన కథ దొరికినప్పుడు మూలానికి వెళ్లి సరిచూడడమే డాక్టొరల్ శిక్షణలో మొదటి పాఠమని నా అభిప్రాయం.

సీతమ్మధార_సిగ్నల్
విచారణ నివేదికను ఈ వారమే చదువుతాను. వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు.

మెడ్‌టెక్_మాధవి
తూర్పు_తీరం గారు నౌక గురించి చెప్పినది ఆపరేషన్ థియేటర్‌కూ అక్షరాలా వర్తిస్తుంది. వైద్య పరికరాల ఈఎంసీ ప్రమాణం ఐఈసీ 60601-1-2లో 2014 కూర్పు నుంచి పరికరాన్ని వాడే చోటును బట్టి స్థాయిలు నిర్ణయిస్తారు. ఆసుపత్రికి ఒకటి, ఇంటికి ఒకటి. పరీక్షకు ముందే తయారీదారు తన పరికరపు అత్యావశ్యక పనితీరు (ఎసెన్షియల్ పెర్ఫార్మెన్స్) ఏమిటో రాసుకోవాలి. ఆ పత్రం సరిగ్గా రాయగల మనిషి దొరకడమే ఇక్కడ కష్టం. ఇన్ఫ్యూజన్ పంపు తెర ఒక క్షణం మినుకుమంటే ఫర్వాలేదు, మందు మోతాదు మారితే ప్రాణాపాయం. ఈ రెండింటి మధ్య గీత గీయడానికి ఇంజినీరుకు వైద్యుడితో కూర్చునే అలవాటు ఉండాలి.

నేను చూసిన ఒక సందర్భం చెబుతాను. ప్రయోగశాలలో అన్ని పరీక్షలూ నెగ్గిన ఒక పేషెంట్ మానిటరు ఆసుపత్రిలో శస్త్రచికిత్సలో విద్యుత్తుతో కోసే కాటరీ పరికరం ఆన్ చేసిన ప్రతిసారీ గుండె లయను తప్పుగా చూపించేది. లీడ్ వైర్లను కాటరీ కేబులుతో కలిపి ఒకే క్లిప్పుకు కట్టే అలవాటు అక్కడి సిబ్బందికి ఉంది. పరీక్షా నివేదికలో ఆ క్లిప్పు గురించి ఒక్క మాట ఉండదు. స్కాలర్లు కొన్ని నెలలు ఆసుపత్రి బయోమెడికల్ విభాగంలో గడిపితే ఇలాంటి ప్రశ్నలు వాటంతట అవే దొరుకుతాయి.

ఉప్పుగాలి
అందరూ సౌకర్యాల కొరత గురించి మాట్లాడుతున్నారు. మన దగ్గర ధారాళంగా దొరికేదాని గురించి నేను మాట్లాడతాను. అది సముద్రపు గాలి.

కొత్త షీల్డెడ్ పెట్టెను చాంబర్‌లో పెట్టి కొలిస్తే మంచి సంఖ్య వస్తుంది. అదే పెట్టెను హార్బరులోనో గాజువాకలోనో రెండు వర్షాకాలాలు బయట ఉంచితే ఏమవుతుంది? అల్యూమినియం చట్రం మీద బెరీలియం కాపర్ ఫింగర్ స్ట్రిప్ (మూతను చట్రానికి తగిలించే స్ప్రింగు పట్టీ) ఒత్తుకుని ఉన్నచోట ఉప్పు తేమ చేరితే గాల్వానిక్ చర్య మొదలై అల్యూమినియాన్ని తినేస్తుంది, తెల్లటి ఆక్సైడ్ పొర ఏర్పడి లోహానికి లోహం తగలకుండా పోతుంది. బాండింగ్‌కు (లోహ భాగాలను విద్యుత్‌పరంగా కలపడానికి) చాలాచోట్ల వాడే 2.5 మిల్లీఓమ్‌ల హద్దు ఎప్పుడో దాటిపోతుంది. చూడటానికి మూత బిగుతుగానే ఉంటుంది గాని, విద్యుదయస్కాంత దృష్టిలో అక్కడ ఒక సన్నని చీలిక తెరుచుకుంటుంది. ఒక గిగాహెర్ట్జ్ వద్ద 15 సెంటీమీటర్ల చీలిక అర తరంగదైర్ఘ్యానికి సమానమై యాంటెన్నాలాగే పనిచేస్తుంది. దానిలో పదో వంతు, ఒకటిన్నర సెంటీమీటర్ల చీలిక ఉన్నా రక్షణ 20 డెసిబెల్‌లకు పడిపోతుంది.

ఈ క్షీణత ఏ వేగంతో జరుగుతుంది, ఏ పూత ఎంతకాలం ఆపుతుంది, మూత విప్పకుండా దాన్ని పసిగట్టే కొలత ఏదైనా ఉందా అన్న ప్రశ్నల మీద ఇక్కడి స్కాలర్ ఒకరు పూర్తిస్థాయి థీసిస్ రాయవచ్చు. కావలసింది తీరం వెంట నమూనాలు ఉంచే స్టాండ్లు, ఒక మిల్లీఓమ్ మీటరు, ఒక నెట్‌వర్క్ ఎనలైజర్, లోహ తుప్పు తెలిసిన కెమిస్ట్రీ విభాగపు సహగైడు. చాంబర్ ఏడాదికి ఒకటి రెండుసార్లు అవసరమవుతుంది, అంతే.

తేమ మరో దారిలో కూడా మనకు పాఠం చెబుతుంది. ఈఎస్‌డీ (స్థిర విద్యుత్ డిశ్చార్జి) పరీక్షకు ఐఈసీ 61000-4-2 ప్రమాణం గాలిలో సాపేక్ష ఆర్ద్రత 30 నుంచి 60 శాతం మధ్య ఉండాలంటుంది. ఏడాదిలో చాలా భాగం మన గాలి ఆ హద్దు పైనే ఉంటుంది. డీహ్యూమిడిఫయర్ లేని గదిలో తీసిన ఎయిర్ డిశ్చార్జి ఫలితాన్ని థీసిస్‌లో పెట్టిన స్కాలర్‌ను వైవాలో ఈ ప్రశ్న తప్పక అడగాలి.

మూడో_ఏడు_స్కాలర్
ఉప్పుగాలి గారి ప్రతిపాదన చదివాక నా సినాప్సిస్‌లోని షీల్డింగ్ అధ్యాయాన్ని మళ్లీ ఆలోచించాలని ఉంది. అయితే నాకు వెంటనే కావలసిన సలహా వేరే ఉంది. చాంబర్ లేకుండా, పెద్ద గ్రాంటు లేకుండా, విభాగంలోని ఒక బల్ల మీద నేను నమ్మదగిన కొలత ఏమేరకు నేర్చుకోగలను?

ఫెర్రైట్_రింగు
మీరు అనుకున్నదానికంటే చాలా నేర్చుకోగలరు. 9 కిలోహెర్ట్జ్ నుంచి ఒక గిగాహెర్ట్జ్ పైదాకా చూసే సాధారణ స్పెక్ట్రమ్ ఎనలైజర్ ఒకటి విభాగంలో ఉంటే మిగతాది మీరే చేసుకోవచ్చు. సెమీ రిజిడ్ కోయాక్స్ ముక్కను చిన్న ఉంగరంలా వంచి షీల్డులో సన్నని ఖాళీ ఉంచితే దగ్గరి అయస్కాంత క్షేత్రం చూసే ప్రోబ్ తయారవుతుంది. రెండుగా విడిపోయే ఫెర్రైట్ మీద కొన్ని చుట్లు చుడితే కరెంట్ క్లాంపు అవుతుంది. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి దానిలో నుంచి పోనిస్తే డిఫరెన్షియల్ మోడ్ రద్దయి కామన్ మోడ్ మాత్రమే మిగులుతుంది. ఒక వైరును తిరగేసి పోనిస్తే ఇందుకు వ్యతిరేకం. కొలబద్ద గారు ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్నకు సమాధానం ఈ చిన్న ప్రయోగమే.

చేసుకున్న క్లాంపును నెట్‌వర్క్ ఎనలైజర్ మీద పెట్టి దాని ట్రాన్స్‌ఫర్ ఇంపెడెన్స్‌ను (ఇంత కరెంటుకు ఎంత వోల్టేజీ ఇస్తుందన్నది) ఫ్రీక్వెన్సీతో సహా గీయండి. ఆ గీత లేనంతవరకు మీ క్లాంపు చెప్పేదానికి విలువ లేదు. ఆ తర్వాత ప్రతి కొలతకూ అనిశ్చితి లెక్క రాయండి. తీగ అమరిక, అడాప్టరు నష్టం, ఎనలైజరు తప్పు అన్నీ అందులో చేర్చండి.

ఒక స్థానిక సూచన కూడా ఉంది. షీల్డు గది లేని బల్ల మీద కొలిచేటప్పుడు బయటి ప్రసారాలు తెర మీదికి వస్తాయి. విశాఖ ఆకాశవాణి మధ్యతరంగ కేంద్రపు 927 కిలోహెర్ట్జ్ సరిగ్గా కండక్టెడ్ ఎమిషన్ పరిధిలో ఉంది. పరికరం ఆపేసినా కదలకుండా నిలిచే గీత ఏదో, పరికరంతో పాటే పోయే గీత ఏదో మొదట వేరుచేయడం అలవాటు చేసుకోండి.

మర్రిపాలెం
మా హాస్టల్ గదిలో ఫ్యాన్ రెగ్యులేటరు తిప్పితే రేడియోలో వార్తలు వినపడకుండా పోయేవి. రెగ్యులేటరులో ఉండే ట్రయాక్ అనే స్విచ్చు గురించి మా అందరికీ మొదట పాఠం చెప్పింది ఆ రెగ్యులేటరే.

గాజువాక_డ్రైవ్స్
నేను భారీ పరిశ్రమల్లో మోటారు డ్రైవులు చూసుకునే పనిలో ఉన్నాను. ఒకచోట కొత్త డ్రైవు పెట్టాక, మోటారు తిరుగుడును లెక్కించే ఎన్‌కోడర్ లెక్క తప్పుతూ మోటారు ఊరికే ట్రిప్ అయ్యేది. సాఫ్ట్‌వేర్ మార్చారు, కార్డులు మార్చారు. చివరికి చూస్తే ఎన్‌కోడర్ కేబులు షీల్డును విప్పి, ఒక జాన పొడవు తీగగా మెలిపెట్టి ఎర్త్ బోల్టుకు కట్టి ఉంది. పది సెంటీమీటర్ల తీగకు సుమారు 100 నానోహెన్రీల ఇండక్టెన్సు ఉంటుంది. 30 మెగాహెర్ట్జ్ దగ్గర అది దాదాపు 19 ఓమ్‌ల అవరోధం. షీల్డును చుట్టూతా పట్టుకునే క్లాంపుతో బిగించగానే సమస్య పోయింది. స్కాలర్లు ఇలాంటి చోట్లకు రావాలి. సిలికాన్ కార్బైడ్ స్విచ్చులు వస్తున్న కొద్దీ వోల్టేజీ లేచే వేగం పెరుగుతుంది, ఈ బాధ ఇంకా పెరుగుతుంది.

పాత_గైడ్
మీరు చెప్పినది చక్కటి మరమ్మతు. పరిశోధన కావాలంటే ఇంకొక అడుగు పడాలి. ఆ కేబులు, ఆ మోటారు, ఆ భూమి కలిసి ఏర్పరిచే మార్గాన్ని ముందుగానే అంచనా వేసే నమూనా కట్టి, మరో ప్లాంటులో అది నిలుస్తుందో లేదో చూపాలి.

గాజువాక_డ్రైవ్స్
ఆ అడుగు వేయడానికే స్కాలర్‌ను రమ్మంటున్నాను. మా దగ్గర కేబుళ్లు, మోటార్లు, లోపాలు ఉన్నాయి. నమూనా కట్టే తీరిక, చదువు మాకు లేవు.

రైల్వే_న్యూకాలనీ
ఇంత చెబుతున్నారు గాని, రెండేళ్లు తీరంలో నమూనాలు ఉంచి కూర్చునే స్కాలర్‌కు పత్రం ఎప్పుడు వస్తుంది? పత్రం లేకుండా థీసిస్ ఎవరు తీసుకుంటారు?

భీమిలి_రోడ్డు
2022 యూజీసీ నిబంధనల్లో థీసిస్‌కు ముందు జర్నల్ పత్రం తప్పనిసరి అన్న షరతు లేదు. కోర్సువర్కుతో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్ల గడువు ఉంది. చాలా విశ్వవిద్యాలయాలు తమ సొంత షరతులు కొనసాగిస్తున్న మాట వాస్తవమే కాని, దీర్ఘకాల కొలతకు చోటు ఇవ్వాలనుకునే కమిటీకి అడ్డు లేదు.

పాత_గైడ్
నేను ఒక ప్రతిపాదన ముందుంచుతాను. కోర్సువర్కుకు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి కదా, అందులో నాలుగు క్రెడిట్లను నగరంలోని ఈఎంసీ స్కాలర్లందరికీ ఉమ్మడిగా, పూర్తిగా బల్ల మీద జరిగే కొలత కోర్సుగా నడపాలి. ప్రతి స్కాలర్ సలహా కమిటీలో ఈసీఈ నుంచి ఒకరు, ఈఈఈ నుంచి ఒకరు, పరీక్షా ప్రయోగశాల నుంచి ఒకరు ఉండాలి. పరిశ్రమ సగం, ప్రభుత్వం సగం భరించే ప్రధానమంత్రి డాక్టొరల్ ఫెలోషిప్ వంటి దారులను ఇక్కడి కంపెనీలతో కలిసి వాడుకోవాలి.

మెడ్‌టెక్_మాధవి
కమిటీలో కూర్చోవడానికి మావంటివారు సంతోషంగా వస్తారు. అయితే చాంబర్‌లోకి స్కాలర్‌ను రానివ్వడం తేలిక కాదు. అక్కడ ఉన్నది కస్టమరు పరికరం. అది ఫెయిలైన సంగతి బయటికి పొక్కితే ప్రయోగశాల మీద నమ్మకం పోతుంది. రక్షణ పరికరాలైతే చెప్పనే అక్కరలేదు.

కొలబద్ద
దానికి ఒక మార్గం ఉంది. స్కాలర్లకు కస్టమరు పరికరం అక్కరలేదు. బ్యాటరీతో నడిచే ఒక స్థిరమైన కోంబ్ జనరేటరును (సమాన దూరాల్లోని అనేక ఫ్రీక్వెన్సీల్లో సంకేతం ఇచ్చే పరికరం) వారే తయారుచేసి, దాన్ని నగరంలోని ప్రతి ప్రయోగశాలకూ తీసుకెళ్లి ఒకే పద్ధతిలో కొలవాలి. ఫలితాలు ఒకదానితో ఒకటి సరిపోవు, ఎందుకు సరిపోవన్నది వివరించడమే శిక్షణ. పరీక్షా సామర్థ్యానికి ఇచ్చే ఐఎస్‌ఓ 17025 గుర్తింపు ఉన్న ప్రయోగశాలలకు ఇతర ప్రయోగశాలలతో ఫలితాలు పోల్చుకోవలసిన బాధ్యత ఎలాగూ ఉంది కనుక వారికీ ఇది పనికొస్తుంది. చాంబర్‌లో కస్టమర్ల పని లేని ఖాళీ గంటలు ఉంటాయి. ఆ గంటలను స్కాలర్లకు నామమాత్రపు రుసుముతో ఇవ్వాలని మా దగ్గర నేను అడుగుతాను. ఇంటర్వ్యూలో ఇకమీద అభ్యర్థి ముందు ఒక క్లాంపు, ఒక పవర్ సప్లై పెట్టి అడగాలని కూడా అనుకుంటున్నాను.

తూర్పు_తీరం
ఆ కోంబ్ జనరేటరును రివర్బరేషన్ చాంబర్ (లోహపు గోడల మధ్య తరంగాలను కలగలిపి కొలిచే గది) ఉన్నచోట కూడా కొలిపించండి. సగటు క్షేత్రం అనే భావన, గణాంకాలతో ఆలోచించే పద్ధతి స్కాలర్లకు అక్కడే పట్టుబడతాయి. ముప్పు అంచనా మీద ఒక వారం పాఠాలు చెప్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

మూడో_ఏడు_స్కాలర్
కోంబ్ జనరేటరు సర్క్యూట్ నేను మొదలుపెడతాను. దానితో పాటు ఎల్‌ఐఎస్‌ఎన్ కూడా సొంతంగా కట్టుకోవాలని ఉంది. మా సీనియర్ ఒకరు ప్రయత్నించినప్పుడు ప్లగ్ పెట్టగానే ల్యాబ్ ఆర్‌సీసీబీ (లీకేజీ కరెంటు వస్తే సరఫరా ఆపే బ్రేకరు) పడిపోయేది, అందుకే వదిలేశారు. దానికి ఏం చేయాలి?

ఫెర్రైట్_రింగు
ఆర్‌సీసీబీ పడిపోవడం సహజం. 50 మైక్రోహెన్రీల ఎల్‌ఐఎస్‌ఎన్‌లో సరఫరా వైపు ఎర్త్‌కు 8 మైక్రోఫారడ్ల కెపాసిటరు ఉంటుంది. 230 వోల్టులు, 50 హెర్ట్జ్ దగ్గర దానిలో నుంచి ఎర్త్‌కు అర ఆంపియరు పైగా పారుతుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ దాన్ని లీకేజీగానే చూస్తుంది. ఆర్‌సీసీబీని తీసేసి పని కానిచ్చుకోవాలని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ముందు ఒక ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టి దాని తర్వాత ఎల్‌ఐఎస్‌ఎన్ కలపండి. ఎల్‌ఐఎస్‌ఎన్ లోహపు పెట్టెను ప్లగ్ ఎర్త్ మీద వదిలేయకుండా, మందమైన పట్టీతో గ్రౌండ్ ప్లేన్‌కు, అక్కడి నుంచి భవనం ఎర్త్‌కు బోల్టుతో బిగించిన తర్వాతే సరఫరా ఇవ్వండి. ఆ ఎర్త్ ఊడితే పెట్టె మొత్తం ప్రాణాంతకమైన వోల్టేజీకి వస్తుంది. ఎనలైజరు ఇన్‌పుట్‌కు 10 డెసిబెల్ అటెన్యుయేటరు, ట్రాన్సియెంట్ లిమిటరు పెట్టాకే కేబులు తగిలించండి, పరికరం ఆన్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు ఆ కేబులు విప్పి ఉంచండి. మొదటిసారి సరఫరా ఇచ్చేటప్పుడు గదిలో మీతో పాటు ఇంకొకరు ఉండాలి. మీ విభాగంలో ఎవరూ వీలుపడకపోతే ఇక్కడ రాయండి, నేను వస్తాను.